ఒంటరిగా, తక్కువ ఖర్చులో గ్రిజ్లీ వేట: ముందు తెలుసుకోవాల్సినవి

అడిగినాయన డాలస్‌లో హెచ్-1బి మీద పనిచేస్తున్నారు. టెక్సస్‌లో మూడేళ్లుగా అడవిపందుల్నీ జింకల్నీ వేటాడిన అనుభవం ఉంది. వచ్చే సెప్టెంబర్‌లో అలాస్కా వెళ్లి, గైడ్ లేకుండా, ఒంటరిగా, మొత్తం 4,000 డాలర్లలో ఒక గ్రిజ్లీ ఎలుగుబంటిని వేటాడాలని ఆయన కోరిక. ఎలా ప్లాన్ చేసుకోవాలన్నది ప్రశ్న.

నేను ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉండబట్టి 19 ఏళ్లయింది. ఇక్కడి కొండల్లో ఒంటరిగా చాలాసార్లు తిరిగాను. ఇన్నేళ్లలో వేటాడినవి రెండే గ్రిజ్లీలు. ఆ అనుభవంతోనే చెప్తున్నాను: వచ్చే సెప్టెంబర్‌కి ఇది కుదరదు. డబ్బు చాలక కాదు, చట్టం ఒప్పుకోదు.

అలాస్కాలో నివాసం లేని అమెరికా పౌరుడైనా సరే గ్రిజ్లీని, డాల్ గొర్రెను, కొండమేకను వేటాడాలంటే లైసెన్స్ ఉన్న గైడ్ వెంట ఉండాలి. లేదంటే అలాస్కాలో నివాసం ఉంటున్న, 19 ఏళ్లు నిండిన దగ్గరి బంధువు పక్కన ఉండాలి. మీ సంగతి ఇంకా గట్టిది. పౌరసత్వం లేకుండా బయటి రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లకు గ్రిజ్లీ ఒక్కటే కాదు, పెద్ద జంతువు ఏదైనా సరే గైడ్ తప్పనిసరి. డాలస్‌లో ఉన్నంతకాలం మీరు ఈ లెక్కలోకే వస్తారు. మనవాళ్లు తరచూ అడిగేది ఒకటుంది, "యాంకరేజ్‌లో మా అన్నయ్య ఉన్నాడు, ఆయన వస్తే చాలదా" అని. పౌరులకు ఉన్న ఆ బంధువు వెసులుబాటు మీకు వర్తించదు. పౌరులకైనా పెదనాన్న కొడుకు, మేనమామ లాంటి వాళ్లు పనికిరారు. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లిదండ్రులు, పిల్లలు, తాతలు, మనవలు, అత్తమామలు, బావమరుదులు, ఇలా చట్టంలో రాసి ఉన్న జాబితా వరకే. మనం అందరినీ అన్నయ్యా అనే పిలుస్తాం కాబట్టి ఇక్కడ పొరపాటు పడడం సులువు.

గైడ్‌తో వెళ్తే ఎంతవుతుందో కూడా చూడండి. పౌరుడు కానివారికి వేట లైసెన్స్ 630 డాలర్లు, గ్రిజ్లీ ట్యాగ్ (ఆ జంతువు కోసం విడిగా కొనే అనుమతి) 1,300. గైడ్‌ని మాట్లాడుకోకముందే మీ బడ్జెట్‌లో దాదాపు సగం పోయింది. గైడ్ ఖర్చు నేను విన్నంతలో 15,000 డాలర్లకు తక్కువ అరుదు. తీరప్రాంతపు పెద్ద ఎలుగుల వేటకైతే అంతకు రెట్టింపు దాకా పోతుంది.

వేరే చోట్ల చూద్దామన్నా దారి లేదు. అలాస్కా బయట, కింది 48 రాష్ట్రాల్లో గ్రిజ్లీకి 1975 నుంచి కేంద్ర చట్టం రక్షణ ఉంది. ఎల్లోస్టోన్ చుట్టుపక్కల 2017లో ఆ రక్షణ తీసేసి వేటకు ఏర్పాట్లు మొదలుపెట్టారు గానీ, 2018లో కోర్టు మళ్లీ రక్షణ పునరుద్ధరించింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2017 చివర్లో గ్రిజ్లీ వేటను ఆపేసింది. అల్బర్టా 2006లోనే ఆపింది. యూకాన్‌లో విదేశీయులు గైడ్ లేకుండా వేటాడలేరు.

ఇంకో ముఖ్యమైన విషయం, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. టెక్సస్‌లో మూడేళ్లుగా వేటాడుతున్నారంటే మీ దగ్గర లైసెన్స్ ఉండే ఉంటుంది. కానీ అది ముగిసిన మర్నాటి నుంచి బీరువాలో రైఫిల్ ఉండడమే నేరం కావచ్చు. వాళ్లు వీళ్లు చెప్పింది విని ఊరుకోకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒకసారి కలవండి. ఎలుగుబంటి కోసం వీసా పోగొట్టుకోవద్దు.

ఇక మిగిలిన దారి ఒక్కటే, అదే అన్నిటికన్నా చవకైన దారి కూడా. ఇక్కడికి వచ్చి నివాసి కావడం. అలాస్కాలోనే ఉండిపోయే ఉద్దేశంతో వరసగా 12 నెలలు ఇక్కడ ఇల్లు పెట్టుకుని ఉంటే, వేరే రాష్ట్రంలో నివాసి హక్కులు వాడుకోకుండా ఉంటే, పౌరుడు కాకపోయినా వేట చట్టం ప్రకారం నివాసే. అప్పుడు లైసెన్స్ 45 డాలర్లు, గ్రిజ్లీ ట్యాగ్ 25. చాలా యూనిట్లలో (వేట కోసం రాష్ట్రాన్ని విడగొట్టిన ప్రాంతాల్లో) నివాసులకు ఆ ట్యాగ్ కూడా అక్కర్లేదు. గైడ్ అవసరం లేదు. తాత్కాలిక వీసా మీద ఉన్నప్పుడు "ఉండిపోయే ఉద్దేశం" అన్న మాట మీకు ఎలా వర్తిస్తుందో వేట సంగతులు చూసే రాష్ట్ర ఫిష్ అండ్ గేమ్ శాఖను ముందే రాతపూర్వకంగా అడగండి. నివాసి కాకుండా నివాసి లైసెన్స్ కొంటే జరిమానా, కేసు రెండూ ఉంటాయి.

ఉద్యోగం ఇక్కడికి మార్చుకోవడం చిన్న పని కాదని తెలుసు. కానీ రిమోట్ ఉద్యోగాలతోనో, ఆసుపత్రి ఉద్యోగాలతోనో ఇక్కడికి వచ్చి స్థిరపడినవాళ్లను చూస్తూనే ఉన్నాను. మీరూ వస్తారనే అనుకుని మిగతాది చెప్తాను.

విమానం ఖర్చు లేకుండా గ్రిజ్లీ దేశంలోకి వెళ్లే రోడ్డు డాల్టన్ హైవే. 414 మైళ్లు, ఫెయిర్‌బ్యాంక్స్‌కి ఉత్తరాన మొదలై ఆర్కిటిక్ తీరం దగ్గర డెడ్‌హార్స్ దాకా పోతుంది. చాలావరకు కంకర రోడ్డు. యూకాన్ నది 56వ మైలు దగ్గర, కోల్డ్‌ఫుట్ 175వ మైలు దగ్గర. కోల్డ్‌ఫుట్ దాటితే డెడ్‌హార్స్ దాకా 240 మైళ్లు పెట్రోల్ దొరకదు. రెండు స్పేర్ టైర్లు పెట్టుకోండి. అద్దె కార్ల కంపెనీలు చాలావరకు ఈ రోడ్డు మీదికి ఒప్పుకోవు.

ఈ రోడ్డుకి ఒక షరతు ఉంది. యూకాన్ నదికి ఉత్తరాన రోడ్డుకి ఇరుపక్కలా ఐదేసి మైళ్లలో తుపాకీతో వేట నిషేధం, విల్లుతో మాత్రమే అనుమతి. ఆ మేర ఏటీవీలు (అడవి దారుల్లో నడిపే చిన్న నాలుగు చక్రాల బళ్లు) నడపకూడదు. అంటే రైఫిల్‌తో వేటాడాలంటే ఐదు మైళ్లు నడిచి దాటాలి. ఆ షరతే మీలాంటివాళ్లకు మేలు చేస్తుంది, ఎందుకంటే చాలామంది అంత దూరం నడవరు. విల్లుతో గ్రిజ్లీని, అదీ ఒంటరిగా, అనే ఆలోచన మాత్రం వదిలేయండి. దగ్గర్లో ఉన్న గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ జాతీయ పార్కు హద్దు కూడా మ్యాప్‌లో చూసుకోవాలి. పార్కు లోపల బయటివాళ్లకు వేట లేదు. ఇక్కడి ఆదివాసుల సంస్థలైన నేటివ్ కార్పొరేషన్ల భూముల్లోకి వాళ్ల అనుమతి లేకుండా వెళ్లకూడదు. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్‌తో పాటు కాగితం మ్యాప్ కూడా ఉండాలి. చలికి ఫోన్ ఎప్పుడు చచ్చిపోతుందో చెప్పలేం.

ఐదు మైళ్లంటే టెక్సస్‌లో రెండు గంటలు. ఇక్కడ నాకు మొదటిసారి ఏడు గంటలు పట్టింది. టండ్రా నేల నిండా మోకాలెత్తు గడ్డి దుబ్బులు, వాటి మధ్య నీళ్లు. దుబ్బు మీద కాలేస్తే పక్కకి ఒరిగిపోతుంది, మధ్యలో వేస్తే చీలమండ దాకా దిగబడుతుంది. వరినాట్లకి దమ్ము చేసిన మడిలో 50 పౌన్ల మూట మోస్తూ రోజంతా నడిచినట్టు ఉంటుంది. అందుకే డబ్బు ఎక్కడ పెట్టాలంటే బూట్ల మీద పెట్టండి. వచ్చే ఏడాదంతా మెట్లెక్కండి, ఇసుక బస్తా వీపున వేసుకుని నడవండి.

రైఫిల్ మీద ఆదా చేయొచ్చు. సెకండ్‌హ్యాండ్ థర్టీ-ఆట్-సిక్స్, 200 లేదా 220 గ్రెయిన్ల మంచి బుల్లెట్‌తో, లోతట్టు గ్రిజ్లీకి సరిపోతుంది. అంతకన్నా పెద్ద త్రీ-థర్టీ-ఎయిట్ మాగ్నమ్ కొని, అది భుజాన్ని తన్నే దెబ్బకి జంకుతూ కాల్చేవాడి కన్నా, మామూలు రైఫిల్‌ని కళ్లు మూసుకుని కూడా లోడ్ చేయగలిగినవాడు మేలు. బైనాక్యులర్ మాత్రం చవకది వద్దు, మీ రోజులో ముప్పావు వంతు దానితోనే గడుస్తుంది. శాటిలైట్ మెసెంజర్ లేకుండా బయలుదేరవద్దు. టెంట్ చుట్టూ కట్టుకునే చిన్న కరెంటు కంచె దొరుకుతుంది, మూడు నాలుగు పౌన్ల బరువు. పక్కన మనిషి లేనివాడికి నిద్ర పట్టేది దానివల్లే. బేర్ స్ప్రే (ఎలుగు మీద పడితే కొట్టే కారం స్ప్రే), స్టవ్ గ్యాస్ ప్యాసింజర్ విమానాల్లో ఎక్కనివ్వరు, రెండూ ఇక్కడే కొనాలి. ముందుముందు బుష్ ప్లేన్‌లో (అడవుల్లో దిగే చిన్న విమానంలో) ఎక్కడికైనా వెళ్తే స్ప్రే ఉందని పైలట్‌కి చెప్పండి, అతను క్యాబిన్ బయట పెడతాడు. అలా విమానంలో దిగిన రోజు వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున 3 గంటల దాకా ఆగాలి. ఈ నిబంధన తెలియక కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

సీజన్ లోతట్టు యూనిట్లు చాలావాటిలో ఆగస్టు నుంచి మే, జూన్ దాకా ఉంటుంది. తేదీలూ కోటా యూనిట్‌కో రకం, ఏటా మారతాయి, కాబట్టి ఆ ఏడాది నిబంధనల పుస్తకం చూడకుండా వెళ్లొద్దు. సెప్టెంబర్ మొదట్లో ఎలుగులు బ్లూబెర్రీ వాలుల మీద రోజంతా మేస్తూ కనిపిస్తాయి, వెతకడం తేలిక. ఏప్రిల్ చివర, మేలో అయితే మగవి ముందు గుహల్లోంచి బయటికి వస్తాయి, పిల్లలున్న తల్లులు చివర్లో వస్తాయి. అప్పుడు మంచు మీద పొద్దున్నే గట్టి పెచ్చు కట్టి ఉంటుంది, స్కీల మీద చిన్న స్లెడ్ లాక్కుంటూ ఐదు మైళ్లు సులువుగా దాటొచ్చు. బరువు వీపున మోయక్కర్లేదు. నా రెండో ఎలుగు అలాగే దొరికింది. కానీ స్కీలు రాకుండా, గడ్డకట్టిన నదులు ఎప్పుడు కరుగుతాయో తెలియకుండా వసంతంలో ఒంటరిగా వెళ్లొద్దు. మొదటిసారి సెప్టెంబరే మంచిది.

కనిపించగానే కాల్చడం కాదు. పిల్లని గానీ, పిల్లలతో ఉన్న తల్లిని గానీ చంపడం నేరం. పిల్ల అంటే మొదటి రెండేళ్ల వయసులో ఉన్నదని అర్థం, రెండో ఏట ఉన్న పిల్ల దూరం నుంచి చూస్తే చిన్నదిగా అనిపించదు. నేను కనీసం అరగంట చూస్తాను. పొదల్లో పడుకున్న పిల్లలు ఆ అరగంటలో ఎప్పుడో ఒకప్పుడు లేస్తాయి. ఒకసారి నలభై నిమిషాలయ్యాక లేచాయి, రెండు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

గాలి మీ ముఖం మీదికి కొట్టాలి. 150 గజాలు దాటితే నేను కాల్చను. పక్కకి నిలబడ్డప్పుడు ముందుకాలి జబ్బ వెనక గుండె, ఊపిరితిత్తులు. తల మీద వద్దు. పడ్డా ఇంకో తూటా వేయండి. అది ఆల్డర్ పొదల్లోకి గాయంతో వెళ్లిపోతే, పక్కన తోడు లేనివాడికి అంతకన్నా ప్రమాదకరమైన పని ఇంకొకటి లేదు. కాబట్టి పొదకి దగ్గర్లో ఉన్న ఎలుగుని అసలు కాల్చవద్దు, బయటికి వచ్చేదాకా కూర్చోండి.

ప్లాన్ అడిగేవాళ్లెవరూ అడగనిది, తూటా పేలాక సంగతి. నా మొదటి వేటలో సాయంత్రం ఐదుకి ఎలుగు పడింది. అరగంట ఆగి, పైవైపు నుంచి దగ్గరికి వెళ్లి, రాయి విసిరి, తుపాకీ కొనతో కన్ను తాకి చూశాను. కదల్లేదు. 400 పౌన్ల దాకా ఉంటుంది. ఒక్కడినే దాన్ని పక్కకి దొర్లించలేకపోయాను. కాలికి తాడు కట్టి, ఆ తాడుని రాయికి చుట్టి, కొంచెం కొంచెంగా లాగాల్సి వచ్చింది. పొట్ట వెంట కోత, కాళ్ల లోపలివైపు కోత, అక్కడిదాకా జింకకి చేసినట్టే. పాదాలే అసలు పని. ఒక్కో వేలి ఎముకనీ ఆఖరి కణుపు దగ్గర విడదీసి, గోళ్లు తోలుకే ఉండేలా చేయాలి. ఒక్కో పాదానికి ముప్పావు గంట. కొవ్వుకి వేళ్లు జారిపోతుంటాయి, కత్తి పదును పది నిమిషాలకోసారి పోతుంది. మూడో పాదం అయ్యేసరికి పూర్తిగా చీకటి. హెడ్‌ల్యాంప్ వెలుగు ఇరవై గజాలు. ఆ వెలుగు అవతల ఏముందో తెలియదు, చేతుల నిండా నెత్తురు వాసన.

అది నేను చేసిన తప్పు. చీకట్లో కళేబరం దగ్గర ఒంటరిగా ఉండకూడదు. 2020 సెప్టెంబర్‌లో రాంగెల్-సెయింట్ ఇలయాస్ పార్కులో ఒక వేటగాడు తాను కొట్టిన మూస్‌ని (ఇక్కడి పెద్ద దుప్పిని) కోస్తుండగా గ్రిజ్లీ వచ్చి చంపేసింది. తోడు ఉన్నా అలా జరిగింది. నేను చేయాల్సింది, మధ్యాహ్నం రెండు దాటాక ఆ ఎలుగుని వదిలేయడం. ఇప్పుడు అదే పాటిస్తున్నాను. కోసేటప్పుడు రైఫిల్ చేతికందే దూరంలో ఉండాలి, స్ప్రే నడుముకే ఉండాలి, ఐదు నిమిషాలకోసారి లేచి చుట్టూ చూడాలి. రాత్రి ఆపాల్సి వస్తే తోలుని, పుర్రెని కళేబరానికి వంద గజాల అవతల బయలు నేల మీదికి చేర్చి, పొద్దున దూరం నుంచి బైనాక్యులర్‌తో చూశాకే దగ్గరికి వెళ్లాలి.

తోలు, పుర్రె ఇంటికొచ్చి తూకం వేస్తే 71 పౌన్లు. ఇంకో మూట మాంసం, ఇంకో మూట టెంటు, సామాను. ఒక మూట అర మైలు మోసి దింపి, వెనక్కి వచ్చి ఇంకోటి. ఆరు మైళ్లు రావడానికి రెండు రోజులు పట్టింది. మధ్యలో ఒక వాగు, వెళ్లేటప్పుడు మోకాలి లోతు, వచ్చేటప్పుడు వానకి తొడల దాకా. మూట నడుం బెల్టు విప్పేసి, కర్ర ఊతంగా ఐదుసార్లు దాటాను. ఈ కొండల్లో ఒంటరివాడికి ఎలుగు కన్నా వాగూ చలీ పెద్ద ప్రమాదం.

ట్రక్కు దగ్గర 25 పౌన్ల మెత్తటి ఉప్పు ఉంచుకోండి, అయొడిన్ లేనిది. తోలుకి అంటిన కొవ్వంతా గీకేశాక, చెవులు తిరగేసి, పెదవులు చీల్చి ఉప్పు పట్టించాలి. కొవ్వు మీద ఉప్పు చల్లితే లాభం లేదు, వెంట్రుకలు ఊడిపోతాయి. మగదో ఆడదో తెలిపే జననాంగం తోలుకి అంటుకునే ఉండాలి. తోలు, పుర్రె రెండూ ఫిష్ అండ్ గేమ్ ఆఫీసులో చూపించి సీల్ వేయించుకోవాలి, సాధారణంగా 30 రోజుల గడువు, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. పుర్రె గడ్డకట్టి ఉండకూడదు, వయసు తెలుసుకోడానికి వాళ్లు ఒక చిన్న పన్ను తీసుకుంటారు. తోలు రగ్గుగా చేయించడానికి నాకు అయిన ఖర్చు వేట మొత్తం ఖర్చు కన్నా ఎక్కువ. బడ్జెట్‌లో దీన్ని చాలామంది మర్చిపోతారు. రగ్గుగా కాకుండా తోలుని ఊరికే పదును చేయించి ఉంచుకుంటే సగానికి సగం మిగులుతుంది.

చాలా వేటల్లో గ్రిజ్లీ మాంసం తీసుకురావాలని చట్టం అడగదు. నేను తీసుకొస్తాను. ప్రాణం తీసి తోలు మాత్రం తెచ్చుకోవడం నాకు మనసొప్పదు. బెర్రీలు తిన్న లోతట్టు ఎలుగు మాంసం బాగుంటుంది. అందులో ట్రైకినెల్లా అనే పురుగు ఉండొచ్చు, ఇక్కడి రకం ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. లోపలిదాకా 160 డిగ్రీల ఫారెన్‌హీట్ తగలాలి. మన ప్రెషర్ కుక్కర్ దీనికి సరిగ్గా సరిపోతుంది. అల్లం వెల్లుల్లి దట్టించి, ఏడెనిమిది విజిల్స్ రానిచ్చి, తర్వాత వేయించుకుంటాం.

గోరు గానీ తోలు గానీ ఇండియాకి తీసుకెళ్లాలనే ఆలోచన పెట్టుకోకండి. వన్యప్రాణి భాగాల దిగుమతి అక్కడ నిషిద్ధం. అమెరికా నుంచి బయటికి పంపాలన్నా సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ కావాలి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటల్లోకి ఎలుగులు వచ్చే ఊళ్లు. తెల్లారుజామున తోటకి వెళ్తూ మా తాత డబ్బా వాయించుకుంటూ నడిచేవాడు, ఎలుగు ముందే విని తప్పుకుంటుందని. ఇక్కడ కూడా పొదల్లోంచి నడిచేటప్పుడు నేను గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తాను. ఏ దేశపు ఎలుగైనా మీద పడేది ఎక్కువగా ఉలిక్కిపడ్డప్పుడే, పిల్లలున్నప్పుడే, తిండి దగ్గరున్నప్పుడే.

మీరు నిజంగా ఇక్కడికి మారితే మొదటి ఏడాది తుపాకీ లేకుండా డాల్టన్ రోడ్డు మీద రెండు ట్రిప్పులు వేయండి. ఐదు మైళ్లు లోపలికి నడిచి, రెండు రాత్రులు పడుకుని రండి. నివాసి అయ్యాక ముందు ఒక నల్ల ఎలుగుని వేటాడి, పాదాలు విడదీయడం దాని మీద నేర్చుకోండి. గ్రిజ్లీకి వెళ్లేటప్పుడు పది రోజుల తిండి పెట్టుకుని, ఏ రోజుకి తిరిగి వస్తారో, రాకపోతే ఎన్ని గంటలు ఆగి ట్రూపర్లకి (రాష్ట్ర పోలీసులకి) ఫోన్ చేయాలో ఇంట్లో ఒక కాగితం మీద రాసిపెట్టండి. నా కాగితం మా ఆవిడ ఫ్రిజ్ మీద అంటిస్తుంది. రోజూ సాయంత్రం ఏడింటికి ఒక మెసేజ్, మర్నాడు మధ్యాహ్నం పన్నెండు దాకా రాకపోతే ఫోన్. మెసేజ్ పంపడం మర్చిపోయి ఒక్కసారి ఆమెని రాత్రంతా నిద్ర లేకుండా చేశాను. ఆ తర్వాత మళ్లీ మర్చిపోలేదు.